చెప్పని ఆయాసం

చినరేగువలస, గజపతినగరం దగ్గర
నవంబరు 1966

ఒరే నరసింగా,

కోర్టులో పొద్దస్తమానం ఊరందరి గొడవలకీ నకళ్ళు రాస్తావు కదా, ఆ చేత్తో అప్పకి ఒక కార్డుముక్క రాస్తే వేళ్ళేమైనా అరిగిపోతాయా? దసరాకి వస్తానన్నావు, రాలేదు. సరే, పోనీలే. ఇప్పుడు నాకే నీతో పని పడింది.

ఇక్కడ నార కోసం మడుగులో నానేసిన గోగు ఊరింది. మడుగు మీదనుంచి గాలి ఎటు తిరిగితే అటు ఇళ్ళ తలుపులు మూసుకుంటున్నారు. కుళ్ళిన కట్టల కంపుకి నార ఒలిచే వాళ్ళందరూ మూతికి తువ్వాళ్ళు బిగించుకుంటారు. మీ బావకి మాత్రం ఏమీ అక్కర్లేదు. పొద్దున్న నడుంలోతు నీళ్ళలో దిగితే ఎండ వాలాకే గట్టెక్కుతాడు. వాసన తెలిస్తే కదా! జట్టులో గంగులు ఉన్నాడు చూడు, వాడి ఎగతాళి ఇంతా అంతా కాదు. "మా గణపతన్నకి దేవుడు ముక్కు ఊరికే అతికించీసినాడు, లోపల బొక్క ఎట్టడం మరిసిపోనాడు" అంటాడు. అందరూ నవ్వుతారు, మీ బావ కూడా నవ్వుతాడు. రైతులు ఈయన్నే ముందు పిలుస్తున్నారు, జట్టుకి పెద్దని చేశారు. ముక్కు పనిచేయకపోవడం ఈ ఊళ్ళో గొప్పతనమై కూర్చుంది.

నాకు మాత్రం నవ్వు రావడం లేదురా. రెండు ముక్కులూ బిగుసుకుపోయి నోటితోనే గాలి పీలుస్తున్నాడు. మాట కుండలోంచి వచ్చినట్టుంది. కూర ఏం వేసినా రుచి లేదంటాడు. మొన్న పులిసి చెడిపోయిన అంబలి గటగటా తాగేశాడు, నేను చూసి లాక్కునేసరికి సగం అయిపోయింది. ఎండలో కూర్చోబెట్టి ముక్కు ఎత్తి చూశాను. లోపల తెల్లగా, మెత్తగా, తాటిముంజె ముక్కలాంటిది వేలాడుతోంది. వేలుతో ముట్టుకుంటే నొప్పి కూడా లేదట.

ఇంకో సంగతి. ఇది నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఎండిన నార దులిపినప్పుడు ఈయనకి ఆయాసం వస్తోంది. పెరట్లో మోకాళ్ళ మీద చేతులాన్చి కూర్చుంటాడు, గుండెల్లో పిల్లికూతలు వినిపిస్తాయి. "ఎవులికైనా సెప్పినావంటే సూడు" అని నా మీద కళ్ళెర్రజేశాడు. మా మామ ఉబ్బసంతో పోయాడు కదా. చివరి రోజుల్లో ఆయన్ని పనికి పిలిచినవాడు లేడు, అరుగు మీద కూర్చుంటే పక్కన కూర్చున్నవాడు లేడు. తనకీ అదే గతి పడుతుందని మీ బావ భయం.

ఏదో ఒక దారి చూడరా.

నీ అప్ప
కూర్మమ్మ


విజయనగరం
డిసెంబరు 1966

అప్పా,

తిట్లన్నీ అందాయి. దసరాకి రాలేకపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నాను.

నీ ఉత్తరం చదివాక మా కచేరీలో జగన్నాధం గారిని అడిగాను. వాళ్ళ మేనమామకి ఇదే జబ్బట. ముక్కులో కొయ్యకండలు అంటారట దీన్ని. విశాఖపట్నంలో ముక్కు, చెవులు చూసే పెద్ద డాక్టరున్నారట, ఆయన తీసేశాక ఆ ముసలాయన మళ్ళీ పకోడీల వాసనకి వీధి చివరినుంచి వచ్చేస్తున్నాడట. నూర్పులు అవగానే బావని నేనే తీసుకెళ్తాను. సెలవు సంగతి నేను చూసుకుంటాను.

మన నాన్న పోయిన ఏడు నన్ను తీసుకొచ్చి మీ ఇంట్లో పెట్టుకుని, వానాకాలం వాగు దాటించి గజపతినగరం బడికి భుజాల మీద మోసింది బావే కదా. నాకు అక్షరం అబ్బిందంటే ఆ భుజాల వల్లే. ఆయన ముక్కు కోసం నేను కాశీకైనా పోతాను. ఈ మాట మాత్రం ఆయనకి చెప్పకు, నెత్తికెక్కి కూర్చుంటాడు.

నా మేనకోడలు పద్మకుమారికి పలక కొన్నాను. వచ్చేటప్పుడు తెస్తాను.

నరసింగరావు


చినరేగువలస
ఫిబ్రవరి 1967

తమ్ముడూ,

బేగి రా. నువ్వు నూర్పులు నూర్పులు అంటూ కూర్చుంటే ఇక్కడ మనిషి ముక్కు ఊడేలా ఉంది.

మా అత్త జగ్గమ్మ సంగతి తెలుసు కదా. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ అందరికీ వైద్యం చెబుతుంది. డాక్టరు కోస్తాడని విన్న దగ్గరనుంచీ ఒకటే గోల. "ముక్కు కోయించుకుంటే మనిసి మిగుల్తాడేటే? మా ఇంటావంటా నేదమ్మా!" అని. ఎవరితోనూ చెప్పకుండా నాటువైద్యం చేసే ఎల్లాజీని పిలిపించింది. ఆయన ఏదో ఆకు నలిపి పసరు ముక్కులో పిండాడు. మీ బావ ఎగిరిపడ్డాడు. రక్తం, చీము, ముఖమంతా వాపు. మూడు పూటలు గంజి కూడా మింగలేదు. ఆ దెబ్బకి తనే అన్నాడు, "మీ తమ్ముడు ఎక్కడికి తీసికెల్తానంతన్నాడో అక్కడికి ఎల్దాం" అని.

ఒక్క మాట గట్టిగా విను. డాక్టరు అడిగినా ఈయన ఆయాసం సంగతి చెప్పడు. నలుగురూ ఉన్న చోట అసలే చెప్పడు. నువ్వు చెప్పాలి. కాని నేను నీకు చెప్పానని ఆయనకి తెలియనీయకు. తెలిసిందంటే నాతో మాటలు మానేస్తాడు. ఎలా చెబుతావో నీ తెలివి.

కూర్మమ్మ


విజయనగరం
మార్చి 1967

అప్పా,

బావ మీ ఇంటికి చేరేసరికి ఈ ఉత్తరం కూడా చేరుతుంది. ఆయన చెప్పే కథలో సగం కోతలే ఉంటాయి, అందుకని అసలు జరిగింది నేను రాస్తున్నాను.

డాక్టరు నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని లోపలికి చూశారు. "భయపడవలసిన గడ్డ కాదు" అని మొదటే చెప్పారు. ముక్కు లోపలి పొర ఉబ్బి, నీరు పట్టి, అలా సంచుల్లా వేలాడుతుందట. పాపం వల్లా కాదు, కంపులో నిలబడటం వల్లా కాదట. మందులో తడిపిన దూది ముక్కులో కుక్కి మొద్దుబారనిచ్చారు. తరువాత సన్నటి తీగ ఉచ్చు లోపలికి పోనిచ్చి, ఒక్కొక్కటే తెంపి తీశారు. పళ్ళెంలో పడ్డవాటిని చూసి మీ ఆయన, "ఇదేటండీ బాబూ, నా ముక్కులో ముంజికాయలు కాసినాయేటి?" అన్నాడు. డాక్టరూ, నర్సూ అందరూ నవ్వారు. నెత్తురు ముక్కులోంచి కారుతుండగా బావ కూడా నవ్వాడు.

ఇది మళ్ళీ పెరగవచ్చునట. వేళ్ళతో సహా పెరికెయ్యడానికి ఇదేమీ గడ్డి కాదు, పొర గుణమే అంత అన్నారు. రోజూ గోరువెచ్చని ఉప్పునీళ్ళతో ముక్కు కడగాలి. పసర్లూ నశ్యాలూ దగ్గరికి రానివ్వకూడదు. మళ్ళీ మూసుకుంటే ఆలస్యం చెయ్యకుండా రావాలి.

ఆయాసం మాట కూడా అయింది. నువ్వు దిగులు పెట్టుకోకు.

నరసింగరావు


చినరేగువలస
జూన్ 1967

ఒరే నరసింగా,

నీకు వెయ్యేళ్ళాయుష్షు! మా ఇంట్లో ఇప్పుడు ముక్కు రాజ్యం నడుస్తోంది.

మొన్న తొలకరి చినుకు పడింది. మీ బావ వీధిలోకి పరుగెత్తి మట్టి పిడికెట్లో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నలభై ఏళ్ళవాడు, చిన్నపిల్లాడిలా నిలబడి ఏడ్చాడురా. తరువాత పద్మని ఎత్తుకుని దాని తల వాసన చూసి, "ఒసే, దీని తల ఇలగుంటాదని నాకు తెల్దే" అన్నాడు. పుట్టిన దగ్గరనుంచీ ఆయనకి ఆ పిల్ల వాసన తెలియదు కదా. నేను వంటింట్లోకి పోయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

ఇబ్బందులూ లేకపోలేదు. "అమ్మా, ఆ సుట్ట తీసికెల్లి పెరట్లో కాల్సుకో, కడుపులో తిప్పతన్నాది" అని వాళ్ళమ్మని అన్నాడు. మా అత్త నాతో రెండ్రోజులు మాట్లాడలేదు, కోయించింది నేనట. కూరలో ఉప్పు ఎక్కువైందంటాడు, నూనె మాడిందంటాడు. ఇన్నేళ్ళూ ఏం పెట్టినా తిన్నవాడు! పెట్టనీ, ఎన్ని వంకలైనా పెట్టనీ.

గోగు కాలం వస్తే ఆ మడుగులో ఎలా దిగుతాడో చూడాలి. గంగులికి కూడా ముక్కు మూసుకుపోయిందట, వాడికీ రాత్రి పడుకుంటే పిల్లికూతలేనని వాళ్ళావిడ చెప్పింది. "నువ్వూ ఎల్లరా" అని మీ బావ వెంటపడుతున్నాడు.

కూర్మమ్మ


చినరేగువలస
సెప్టెంబరు 1967

తమ్ముడూ,

మళ్ళీ వచ్చిందిరా. ఉప్పునీళ్ళు మానలేదు, ఒట్టు. వానలు ముదిరిన దగ్గరనుంచీ ముందు ఒక ముక్కు, తరువాత రెండోది. కూరకి వంక పెట్టడం మళ్ళీ మానేశాడు. అది చూసే నాకు తెలిసింది. అడిగితే, "కోతలయినాక ఎల్దాం, జట్టుకి మాటిచ్చీసినాను" అంటాడు.

ఇప్పుడు రాస్తున్నది అది కాదు. పోయిన వారం ఒళ్ళునొప్పులూ తలపోటూ అంటే కొట్లోంచి తలనొప్పి మాత్ర తెచ్చి ఇచ్చాను. అదే, అందరూ వేసుకునే ఆస్పిరిన్ బిళ్ళ. వేసుకున్న కాసేపటికే కళ్ళు చింతనిప్పులయ్యాయి, ముక్కు నీళ్ళు ధారగా కారాయి, ఆయాసం ఎప్పుడూ లేనంతగా వచ్చింది. పెదాలు నల్లబడ్డాయి. నేను గోడకి చేరగిలబెట్టి వీపు రాస్తూ కూర్చున్నాను. తగ్గాక, "నార ధూళి ఎక్కువయిపోనాదే" అన్నాడు. ఆ రోజు నార దగ్గరికే పోలేదు.

నాకు ఆ మాత్ర మీద అనుమానం. మా అత్త నన్ను పిచ్చిదంటోంది. ఆయాసం ఉన్న సంగతి నువ్వు డాక్టరుకి చెప్పావు కదా? అంటే ఆయనకి అంతా తెలుసు. ఒకసారి పోయి ఈ మాత్ర ఈయనకి పడుతుందో లేదో అడిగి రాయి. నువ్వు రాసేదాకా నేను ఇవ్వను.

కూర్మమ్మ


విజయనగరం
అక్టోబరు 1967

అప్పా,

ఆలస్యానికి కోపం తెచ్చుకోకు. కోర్టులో ఊపిరాడని పని.

నువ్వు అనవసరంగా భయపడుతున్నావు. డాక్టరుకి అన్నీ చెప్పాను. ఏదైనా పడకపోతే అంత పెద్ద డాక్టరు అప్పుడే చెప్పి ఉండేవారు కదా? తలనొప్పి మాత్రకి ఆయాసం రావడమేమిటి? మా కచేరీలో సగం మంది అదే మింగి బతుకుతున్నారు. బావ చెప్పినట్టు ఏ ధూళో పడి ఉంటుంది. నొప్పితో బాధపడనివ్వకు, మాత్ర ఇవ్వు.

కోతలవగానే మళ్ళీ విశాఖపట్నం తీసుకెళ్తాను. పద్మకుమారి అక్షరాలు దిద్దుతోందా?

నరసింగరావు


చినరేగువలస
డిసెంబరు 1967

తమ్ముడూ,

తంతి అందుకుని నువ్వు వచ్చిన రోజున తలుపు దగ్గరే నిలబడి వెళ్ళిపోయావు. మీ బావ ఎలా పోయాడో నీకు చెప్పాలి. నాకు ఇంకెవరున్నారు?

మడుగులోంచి మధ్యాహ్నమే వచ్చేశాడు. ముఖమంతా బరువుగా ఉందన్నాడు, కనుబొమల మధ్య పోటన్నాడు. కళ్ళు తెరవలేకపోయాడు. "ఆ మాత్రుంటే ఓటి ఇయ్యే" అన్నాడు. నేను కొంచెం వెనకాడాను. మళ్ళీ నీ ఉత్తరం గుర్తొచ్చింది. "డాక్టరుకి అంతా తెలుసట, మా తమ్ముడు చెప్పాడట, ఫరవాలేదట" అన్నాను. ఆయన నా వైపు ఒకలా చూశాడు. ఏం చెప్పాడని అడగబోయాడో ఏమో, అడగలేదు. వేడినీళ్ళు చేతికిచ్చాను. మాత్ర నేనే నోట్లో వేశాను.

గిన్నె కడిగి వచ్చేసరికి అరుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గాలి లోపలికి పోవడం లేదు. పిల్లికూత కూడా ఆగిపోయింది. అది ఆగిపోతే ఇంకా భయమని నాకు అప్పుడే తెలిసింది. గంగులు బండి కట్టాడు. ఊరి పొలిమేర దాటకుండానే అయిపోయింది. తల నా ఒళ్ళోనే ఉంది.

"ముక్కు కోసీనారు, పేనం తీసీనారు" అని మా అత్త వీధిలో కూర్చుని డాక్టరుని శపిస్తోంది. ఊరంతా అదే మాట. నేను దేనికీ అడ్డు చెప్పలేదు. నాకు ఒక్కటే అర్థం కావడం లేదు. డాక్టరుకి ఆయాసం సంగతి తెలిసి ఉంటే ఒక్క మాట ఎందుకు హెచ్చరించలేదు? నువ్వు పోయి అడిగి నాకు రాయి.

కూర్మమ్మ


విజయనగరం
డిసెంబరు 1967

అప్పా,

నీ ఉత్తరం చదవలేక చదవలేక చదివాను.

ఇప్పుడు డాక్టరుని అడిగి ఏం లాభం? ఆయన మాత్రం దేవుడా? రాసిపెట్టి ఉన్నది జరిగింది. నువ్వు మనసు రాయి చేసుకుని పద్మకుమారిని చూసుకోవాలి. మీరిద్దరూ ఇక్కడికి వచ్చెయ్యండి. పిల్లని ఇక్కడ బడిలో వేస్తాను. బావ నాకు చేసిన దానిలో పిసరంతైనా తీర్చుకోనివ్వు.

ఆ సంగతులు ఇక తవ్వవద్దు, నీకు పుణ్యముంటుంది.

నరసింగరావు


చినరేగువలస
జనవరి 1968

నరసింగరావు గారికి,

నువ్వు తవ్వవద్దన్నావు. నేను తవ్వాను. పిల్లని పక్కింటి సుభద్రమ్మత్త దగ్గర వదిలి ఒక్కదాన్నే బస్సెక్కి విశాఖపట్నం పోయాను. అడుగుతూ అడుగుతూ ఆ డాక్టరుగారి గుమ్మం పట్టుకున్నాను.

ముంజికాయలు కాశాయన్న మనిషి భార్యనంటే ఆయనకి వెంటనే గుర్తొచ్చింది, మొహాన నవ్వు కూడా వచ్చింది. పోయాడని చెప్పాను. కుర్చీలో వెనక్కి వాలిపోయాడు. మాత్ర సంగతి చెప్పాను, ఆయాసం సంగతి చెప్పాను. తరువాత చెప్పాడు: ముక్కులో ఈ కండలు ఉన్నవాళ్ళందరికీ కాదట, కాని కొందరికి కండలూ, ఉబ్బసమూ, ఆ మాత్ర పడకపోవడమూ మూడూ కలిసి వస్తాయట. అటువంటివాళ్ళు ఆ మాత్ర నాలికమీద కూడా పెట్టకూడదట. "అందుకేనమ్మా ఆయాసం ఉందా అని నేను అందరినీ అడుగుతాను. ఆయన్నీ అడిగాను, లేదన్నారు. నాకు అనుమానం వచ్చి పక్కన ఉన్న మీ తమ్ముడినీ అడిగాను. ఆయన కిటికీ వైపు చూస్తూ లేదండి అన్నారు."

నేను ఆ గదిలోంచి ఎలా బయటికి వచ్చానో నాకు తెలియదు.

మీ బావ లేదన్న మాటకి నలుగురిలో ఉందని ఎలా అంటావు, అదే కదా? భుజాల మీద మోసిన మనిషి, ఆయన మాట కింద పడెయ్యకూడదు. నాకు అర్థమైంది. నేను చెప్పానని తెలియనీయకు అన్నది కూడా నేనే. ఆయన ఊరికి దాచాడు, నేను ఆయనకి దాచాను, నువ్వు డాక్టరుకి దాచావు. అంతవరకు ముగ్గురమూ ఒకటే, నిన్నొక్కణ్ణీ అనను. కాని సెప్టెంబరులో నేను అడిగాను కదా! అప్పుడు బస్సెక్కి పోయి ఒక్క మాట అడిగితే బావ బతికేవాడు. పోకపోయినా, "అప్పా, నేను చెప్పలేదు" అని రాస్తే చాలు, నేను ఆ మాత్ర పొయ్యిలో పడేసేదాన్ని. అబద్ధం నువ్వు రాశావు, మాత్ర నా చేత్తో వేశాను. ఆ చేత్తోనే ఇప్పుడు పిల్లకి అన్నం కలుపుతున్నాను. నువ్వు ఆ కోర్టులో సాక్షుల మాటలకి రోజూ ఎలా నకళ్ళు రాస్తున్నావురా?

ఈ సంగతి నాలోనే పెట్టుకుందామనుకున్నాను. గంగులు పెట్టుకోనివ్వలేదు. వాడి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది, ఆయాసం పెరిగింది. "గణపతన్నని కోసి సంపీనారు, నాను ఎల్లను" అని మడుగులో నిలబడి మొండికేశాడు. వాళ్ళావిడ వాడి తలనొప్పికని కొట్టుకి పోతుంటే చూశాను. ఆ మాత్ర కోసమే. మడుగు గట్టుమీదికి పోయి, నార ఒలుస్తున్న జట్టంతా వింటుండగా మొత్తం చెప్పాను. డాక్టరు చంపలేదని చెప్పాను. ఆయాసం దాచిన సంగతి చెప్పాను. మాత్ర వేసింది నేనని చెప్పాను. నీ పేరు కూడా చెప్పాను. మా అత్త చుట్ట నోట్లోంచి తీసి నన్ను చూస్తూ ఉండిపోయింది. ఆ రోజునుంచీ నా చేతి అన్నం తినడం లేదు. తినకపోనీ. గంగులు వస్తానన్నాడు.

సోమవారం వాణ్ణి తీసుకుని వస్తున్నాను. నువ్వు సెలవు పెట్టి విజయనగరం బస్టాండులో ఉండు. డాక్టరు ముందు గంగులు ధైర్యం సరిపోక లేదండి అంటాడు, వాడి సంగతి నాకు తెలుసు. నేను ఉందని చెప్పగలను. కాని చెప్పను. పక్కన కూర్చుని నీ మొహమే చూస్తుంటాను. ఆయన నిన్ను అడుగుతాడు.

నువ్వు నోరు తెరిచి ఉందండీ అన్నాక, తమ్ముడని పిలుస్తాను.

కూర్మమ్మ